రెక్కలో చెయ్యి, తిమింగలంలో మేక మడమ

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడి దగ్గర సంరక్షించే నక్షత్ర తాబేలు ముందుకాలు పొట్టిగా, దిమ్మలా ఉంటుంది. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న సముద్రపు ఒడ్డుకి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ముందుకాలు పొడవుగా, పలచగా, తెడ్డులా ఉంటుంది. ఒకటి ఎండు నేల మీద మెల్లగా నడవడానికి, రెండోది సముద్రంలో వందల కిలోమీటర్లు ఈదడానికి. పైకి చూస్తే వాటికి పోలికే లేదు. లోపలి ఎముకలు చూస్తే మాత్రం లెక్క ఒకటే. భుజం నుంచి ఒక పెద్ద ఎముక, దాని కింద పక్కపక్కనే రెండు, ఆ తర్వాత మణికట్టులో చిన్న ఎముకల గుంపు, చివర ఐదు వేళ్లు. రిడ్లే తెడ్డులో ఆ వేళ్లు బాగా సాగి ఒకే చర్మం కింద దాగిపోయాయి. నక్షత్ర తాబేలులో అవే వేళ్లు కురచబడి గోళ్లు మాత్రమే బయటికి కనిపిస్తాయి. ఇదే లెక్క, ఇది చదవడానికి ఫోన్ పట్టుకున్న మీ చేతిలోనూ ఉంది.

ఈదడానికి ఐదు వేళ్లు అక్కర్లేదు. కోనాం చేప రెక్కలో వేళ్లు లేవు. అయినా అది రిడ్లే కంటే ఎంతో వేగంగా ఈదుతుంది. మరి తాబేలు తెడ్డులో వేళ్లెందుకు? అది చేసే పనిని చూసి దీనికి జవాబు చెప్పలేం. అది ఎవరి సంతతి అన్నది చూస్తే చెప్పగలం. నేల మీద నడిచిన ఐదు వేళ్ల పూర్వీకుల సంతతి కాబట్టి ఆ వేళ్లు వచ్చాయి. నీళ్లలోకి దిగాక వాటి పొడవూ ఆకారమూ మారాయి తప్ప, ఎముకల వరస మారలేదు.

పరిణామ సిద్ధాంతానికి శరీర నిర్మాణం ఇచ్చే సాక్ష్యం ఇదే. దీన్ని చాలామంది 'పోలికలున్నాయి కాబట్టి చుట్టాలు' అని కుదించి చెబుతారు. అలా చెబితే వాదన నీరుగారిపోతుంది. ఒకే పని చేసే అవయవాలకు పోలిక ఉంటే అందులో వింతేమీ లేదు. పని ఒకటి కాకపోయినా కట్టుబడి ఒకటిగా ఉండటం, పని ఒకటే అయినా కట్టుబడి వేరుగా ఉండటం, ఈ రెండే మనం నిలబడి ఆలోచించాల్సిన చోట్లు.

మొదటిదాన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఆదివారం కోడిమాంసం తెచ్చుకునేటప్పుడు ఒక రెక్కని ముక్కలు కొట్టకుండా ఇమ్మని అడగండి. దాన్ని బాగా ఉడికించి, కండ ఒలిచి, ఎముకలు విడిపోకుండా పళ్లెంలో పరవండి. ఒంటికి అతుక్కున్న వైపు ఒకటే ఎముక. అది మన దండ ఎముక. తర్వాతి భాగంలో రెండు, ఒకటి సన్నం, ఒకటి లావు. మన ముంజేతిలోనూ అవే రెండు. ఆ తర్వాత వంపు దగ్గర మణికట్టు. అక్కడ విడిగా పొడుచుకు వచ్చిన చిన్న ముక్క కనిపిస్తుంది, పారేయకండి. అది ఒక వేలు. దాని పక్కన అరచేతి ఎముకలు కలిసిపోయి, మధ్యలో సందు ఉన్న ఒకే ఎముకగా మారాయి. చివర ఇంకో రెండు వేళ్ల మిగులు. మొత్తం మూడు వేళ్లు. ఎగరడానికి రెక్క గట్టిగా ఉండాలి, ఆ గట్టిదనం కోసం వేళ్లు అతుక్కుపోయాయి. మొదటినుంచీ ఎగరడానికే కట్టిన రెక్క అయితే ముందు వేళ్లు పెట్టి తర్వాత వాటిని అతికించే పని ఉండేది కాదు.

పక్షి అస్థిపంజరాన్నీ మనిషి అస్థిపంజరాన్నీ పక్కపక్కన బొమ్మ గీసి, ఏ ఎముకకి ఏ ఎముక సరిపోతుందో గుర్తులు పెట్టి చూపించిన పని 1555లోనే జరిగింది. ఫ్రాన్స్‌కి చెందిన పియరీ బెలాన్ చేశాడు. డార్విన్ పుట్టడానికి 250 ఏళ్లకు ముందన్నమాట. 1843లో ఇంగ్లండ్‌కి చెందిన రిచర్డ్ ఓవెన్ దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చాడు: రూపం, పని ఎంత మారినా వేర్వేరు జంతువుల్లో ఉన్న అదే అవయవం. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటినే నిర్మాణసామ్య అవయవాలు అంటారు. ఓవెన్ తర్వాత డార్విన్ సిద్ధాంతాన్ని గట్టిగా వ్యతిరేకించాడు కూడా. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. పరిణామాన్ని నమ్మినవాళ్లు తమకు కావలసినట్టు ఎముకల పోలికలు వెతుక్కున్నారనే మాట నిలబడదు. పోలికలు ముందు దొరికాయి. వాటికి కారణం ఏమిటన్నది శతాబ్దాల పాటు తేలలేదు. 1859లో డార్విన్ అడిగింది ఆ కారణమే. పట్టుకునే మనిషి చెయ్యి, పరిగెత్తే గుర్రం కాలు, ఈదే జీవి తెడ్డు, ఎగిరే గబ్బిలం రెక్క, అన్నీ ఒకే ఎముకల వరసతో ఎందుకున్నాయి? అన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయి కాబట్టి అన్నాడు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి గ్రామానికి వానాకాలంలో వేలకొద్దీ ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. ఊరి చెట్లమీద గూళ్లు కడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని శుభంగా భావించి కాపాడుకుంటారు. మన ఊళ్లలో పెద్ద చెట్లకు తలకిందులుగా వేలాడే గబ్బిలాలూ తెలిసినవే. కొంగా ఎగురుతుంది, గబ్బిలమూ ఎగురుతుంది. కొంగ రెక్కలో వేళ్లు తగ్గి, అతుక్కుపోయి, ఎగిరే పనంతా ఈకల మీద పడింది. గబ్బిలంలో సరిగ్గా తలకిందులు. నాలుగు వేళ్లు విపరీతంగా సాగి, వాటి మధ్య చర్మం పరుచుకుంది. బొటనవేలు మాత్రం గోరుతో విడిగా మిగిలింది. పొలం గట్టు మీద ఎగిరే తూనీగ రెక్కలో అసలు ఎముకే లేదు. ఎగరడం అనే ఒకే పనికి మూడు వేర్వేరు ఏర్పాట్లు. ఇవి క్రియాసామ్య అవయవాలు. ఇక్కడ ఒక చిక్కు విద్యార్థుల్ని బాగా తికమక పెడుతుంది. కొంగ రెక్క, గబ్బిలం రెక్క నిర్మాణసామ్యమా, క్రియాసామ్యమా? చేతులుగా అవి ఒకటే, ఎందుకంటే రెండింటికీ పూర్వీకుల్లో ఉన్న చెయ్యే ఆధారం. రెక్కలుగా వేరు, ఎందుకంటే ఆ చెయ్యి రెక్కగా మారడం రెండు చోట్లా విడివిడిగా జరిగింది.

భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రంలోకి వెళ్లేవాళ్లకి ఇంకో తేడా బాగా తెలుసు. సొర చేప తోక నిలువుగా ఉంటుంది, పక్కలకు ఊగుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందకీ ఊగుతుంది. రెండూ చూడ్డానికి ఒకే తీరు. నున్నటి ఒళ్లు, వీపు మీద రెక్క, కోసుగా ముందుకు సాగిన మూతి. నీళ్లలో వేగంగా పోవాలంటే ఆ ఆకారమే నయం కాబట్టి రెండూ అక్కడికి చేరాయి. తోక దగ్గర మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. చేప వెన్నెముక పక్కలకు వంగుతుంది. మేకో కుక్కో పరిగెత్తేటప్పుడు చూడండి, వాటి నడుం పైకీ కిందకీ వంగుతుంది. డాల్ఫిన్ ఈదేది అలాగే. నేల మీద పరిగెత్తిన క్షీరదాల నడుమే దానికీ వచ్చింది. కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయిన ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం కూడా చూడ్డానికి డాల్ఫిన్‌లాగే ఉండేది. దాని శిలాజాల్లో తోక నిలువుగా ఉంటుంది. బల్లిలాంటి సరీసృపాల నడుం పక్కలకే వంగుతుంది కదా.

తిమింగలం కథ వీటన్నింటికన్నా గొప్పది, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 2023 జులైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని వార్తల్లో వచ్చింది. జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. అలాంటి తిమింగలం వెనక భాగంలో, కండ లోపల, వెన్నెముకకి తగలకుండా విడిగా రెండు చిన్న ఎముకలు ఉంటాయి. అవి కటి ఎముకలు. కాళ్లు లేని జీవికి కాళ్లు తగిలించే ఎముకలన్నమాట. పిండదశలో తిమింగలాలకు, డాల్ఫిన్లకు వెనక కాళ్ల మొగ్గలు కూడా పుడతాయి, తర్వాత కరిగిపోతాయి. 1919లో కెనడాలోని వాంకూవర్ ద్వీపం దగ్గర పట్టుబడిన ఒక హంప్‌బ్యాక్ తిమింగలానికి అవి కరగకుండా మీటరుకు పైగా పొడవున బయటికి పెరిగాయి.

తిమింగలాల పూర్వీకులు నేల మీద నడిచారని ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. ఏ నేలజంతువులు అన్నదగ్గర పెద్ద పేచీ వచ్చింది. శిలాజాలు చదివేవాళ్లు పళ్ల పోలికను బట్టి, అంతరించిపోయిన ఒక మాంసాహార జంతువుల గుంపు వైపు చూపించారు. 1990ల్లో డీఎన్ఏ చదివినవాళ్లు అది సరికాదన్నారు. వాళ్ల లెక్కలో తిమింగలానికి బతికున్న జంతువుల్లో అతి దగ్గరి చుట్టం నీటిగుర్రం (హిప్పో). అంటే మేక, ఆవు, జింక, పంది ఉన్న జంట గిట్టల వర్గంలోకే తిమింగలం వస్తుంది. శరీర నిర్మాణం చదివిన చాలామంది దీన్ని ఒప్పుకోలేదు.

ఎవరు నిజమో తేల్చడానికి ఒక ఎముక ఉంది. మేక వెనక కాలు వెనక్కి వంగినట్టు కనిపించే కీలు చూశారా? చాలామంది దాన్ని మోకాలనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. ఆ మడమ కీలులో పాచికంత ఎముక ఒకటి ఉంటుంది. దానికి పైనా కిందా, రెండు వైపులా కప్పీ గాడి ఉంటుంది. మిగతా క్షీరదాల్లో పై వైపే ఉంటుంది. రెండు వైపులా కప్పీ ఉన్న ఈ మడమ ఎముక జంట గిట్టల వర్గానికే సొంతం. కాబట్టి డీఎన్ఏ చెప్పింది నిజమైతే, కాళ్లున్న తొలి తిమింగలాలు దొరికిన రోజున వాటి మడమలో ఈ ఎముకే ఉండి తీరాలి. లేకపోతే ఆ వాదన అక్కడితో సరి.

2001లో పాకిస్తాన్ రాళ్లలో దొరికిన శిలాజాల మీద రెండు బృందాలు విడివిడిగా ఫలితాలు ప్రకటించాయి. ఒక బృందానికి ఫిలిప్ జింజరిచ్, రెండోదానికి హాన్స్ థీవిసన్ నాయకులు. తల, చెవి తిమింగలంవి. మడమ మేకది. దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి ఎముకలు. పాత అభిప్రాయాన్నే పట్టుకున్నవాళ్లలో చాలామంది దాన్ని వదిలేశారు, జింజరిచ్ కూడా.

ఇందులో మన దేశానికీ వాటా ఉంది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించి, 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువుకి పేరు పెట్టారు. ఆయన పోయాక, ఇంకా తెరవని రాళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని థీవిసన్‌కి అప్పగించారు. ప్రయోగశాలలో ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగిన చోట లోపలి గోడ మందంగా కనిపించింది. తిమింగలాల చెవిలో తప్ప మరెక్కడా అలా ఉండదని అప్పటిదాకా తెలిసిన సంగతి. పిల్లి కన్నా కాస్త పెద్దదైన, సన్నటి కాళ్ల, గిట్టల జంతువు చెవిలో తిమింగలం గుర్తు. ఆ పరిశోధన 2007లో ప్రచురితమైంది. మన దేశపు రాళ్లలోంచి వచ్చిన ఇంత పెద్ద సంగతి మన పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అవశేషావయవాల గురించి ఒక మాట. ఇవి పనికిరాని అవయవాలని మనకి బడిలో నేర్పారు. ఆ మాట సరిగ్గా లేదు, దాన్ని పట్టుకునే చాలామంది ఎదురుదాడి చేస్తారు. తిమింగలం కటి ఎముకలు పనికిరానివి కావు. జననాంగాల కండరాలు వాటికే అతుక్కుని ఉంటాయి. కొండచిలువ వెనక భాగంలో రెండు పక్కలా గోళ్లలాంటి ములుకులు ఉంటాయి, అవి వెనక కాళ్ల మిగులు. మగ పాము జతకట్టేటప్పుడు వాటిని వాడుతుంది. అవశేషం అంటే పాత పని పోయిన అవయవం. చిన్నాచితకా కొత్త పని దొరికి ఉండొచ్చు, దొరకకపోయి ఉండొచ్చు. మన ఒంట్లోనూ ఉన్నాయి. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టుని కొంచెం లోపలికి వంచండి. కొందరికి మణికట్టు మధ్యలో తాడులాంటి స్నాయువు పైకి తేలుతుంది. ప్రాంతాన్ని బట్టి మారినా, నూటికి పదిహేను మందికి అటూ ఇటుగా ఆ కండరమే ఉండదు. లేనివాళ్ల చేతి పట్టుకి చెప్పుకోదగ్గ నష్టం లేదు. అందుకే వేరే చోట స్నాయువు తెగినవాళ్లకి అతికించడానికి సర్జన్లు దీన్నే తీసి వాడుతుంటారు.

మన గొంతుకి వెళ్లే ఒక నరం దారి ఇంకా విచిత్రం. స్వరపేటికని ఆడించే ఈ నరం మెదడు వైపు నుంచి వచ్చి, గొంతు పక్కనుంచే కిందకి దిగి, ఛాతీలోకి వెళ్లి, ఎడమ వైపున గుండె పైనున్న మహాధమని కిందగా చుట్టి, మళ్లీ పైకి ఎక్కి గొంతు చేరుతుంది. జిరాఫీలో ఈ చుట్టుదారి నాలుగు మీటర్లు దాటుతుంది. చేపల్లో ఇదే వరసలోని నరాలు మొప్పల రక్తనాళాల వెనకగా నేరుగా మొప్పలకి వెళతాయి. అక్కడ అదే దగ్గరి దారి. తర్వాతి జీవుల్లో మెడ సాగింది, గుండె కిందకి దిగింది, రక్తనాళం వెనక చిక్కిన నరం దాంతోపాటు కిందకి సాగిపోయింది. ఛాతీలో మహాధమని ఉబ్బినవాళ్లకి ఒక్కోసారి గొంతు బొంగురుపోయేది ఈ దారి వల్లే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో కిడ్నీ అనే మాట రాని ఇల్లు ఉండదు. అదే కిడ్నీ తల్లి కడుపులో ఎలా తయారవుతుందో మాత్రం అక్కడా పెద్దగా ఎవరికీ తెలియదు. మనిషి పిండంలో కిడ్నీ మూడుసార్లు మొదలవుతుంది. నాలుగో వారంలో మెడ దగ్గర ఒక జత తయారై, పని చేయకుండానే కరిగిపోతుంది. దాని కింద రెండో జత వచ్చి కొన్ని వారాలు పనిచేసి తగ్గిపోతుంది. ఇంకా కింద మొదలైన మూడో జతే మనతో జీవితాంతం ఉంటుంది. చేప పిల్లలు, కప్ప పిల్లలు మొదట్లో వాడేది ఆ మొదటి రకం. పెద్ద చేపలు, కప్పలు బతికినన్నాళ్లూ వాడేది దాదాపు రెండో రకం. మనలో రెండో జత పోయినా దాని గొట్టం పోదు, మగవాళ్లలో అది వీర్యవాహికగా మారుతుంది. మనిషి పిండం ఒకప్పుడు చేపగా, తర్వాత కప్పగా ఉంటుందని దీనికి అర్థం కాదు. ఎదిగిన చేపలాగా అది ఏనాడూ ఉండదు. పిండాలు ఎదిగే క్రమంలో పాత మెట్లు కొన్ని మిగిలాయి, అంతే.

ఇక ఎదురయ్యే ప్రశ్నలు. సృష్టికర్త ఒకే నమూనాని పదేపదే వాడి ఉండొచ్చు కదా అని చాలామంది నిజాయితీగానే అడుగుతారు. దేవుడున్నాడా లేడా అన్నది ఎముకలు తేల్చే విషయం కాదు, నేను ఆ జోలికి పోను. ఒక్కటి మాత్రం చూడాలి. నమూనా వాడకం పనిని బట్టి అయితే, సముద్రంలో బతికే డాల్ఫిన్‌కి సొరకున్న మొప్పలు ఇచ్చి ఉండాలి. గాలి కోసం అది పైకి రావాల్సిన అవసరమే ఉండేది కాదు. ఈకలున్న గబ్బిలం ఒక్కటైనా ఉండాలి. పాలిచ్చే జీవుల్లో ఈకలున్నది ఒక్కటీ లేదు. ఏ నమూనా దొరికినా 'అలాగే చేయాలనుకున్నాడు' అని చెప్పే వివరణ దేన్నీ ముందుగా చెప్పలేదు. ఒకే మూలం అన్న వివరణ ముందుగా చెప్పి, తప్పితే ఓడిపోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. మడమ ఎముక విషయంలో జరిగింది అదే. చేపకీ నాలుగు కాళ్ల జీవికీ మధ్య రకం 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉండాలని లెక్కగట్టి వెతికితే, 2004లో కెనడా ఉత్తరాన టిక్టాలిక్ అనే జీవి శిలాజం దొరికింది. చేపలాంటి పొలుసులు, ఈదే రెక్కలు ఉన్నాయి. ఆ రెక్కలోనే ఒక ఎముక, రెండు ఎముకలు, మణికట్టు.

శ్రీకూర్మం ఉన్న జిల్లాలో ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అని దశావతారాలే పరిణామాన్ని చెప్పాయంటారు. భక్తికి దాని చోటు దానికుంది. పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రం ఈ వరస అడ్డుపడుతుంది, ఎందుకంటే ఇది నిచ్చెన. చేప తాబేలై, తాబేలు పందై, చివరికి మనిషి అయినట్టు మనసులో ముద్రపడిపోతుంది. శరీరాలు చూపించేది కొమ్మలు. తాబేలు పందికి తాత కాదు. కోతి మనకి తాత కాదు. 'మనిషి కోతి నుంచి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి' అనే ప్రశ్నకి జవాబు కూడా ఇదే. మీ పెదనాన్న మనవలు ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు, మీరూ ఉన్నారు. మీ తాతే వాళ్లకి ముత్తాత. మీరు వాళ్ల నుంచి పుట్టలేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఆ పాఠం ఉందని ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన జవాబు. పది తర్వాత బయాలజీ తీసుకోని పిల్లలకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్స్ చెప్పే టీచర్లకి నాదో విన్నపం. పాఠం పుస్తకంలో ఉన్నా లేకపోయినా, ఉడికించిన కోడిరెక్క ఒకటి, మేక ముందుకాలు ఒకటి తరగతికి తీసుకెళ్లండి. మేక గిట్టల పైనున్న పొడుగు ఎముక ముందువైపు నిలువుగా ఒక గాడి ఉంటుంది. రెండు ఎముకలు అతుక్కుని ఒకటైన గుర్తు అది. పిండంలో అవి విడివిడిగానే ఉంటాయి. గిట్టల వెనక వేలాడే రెండు చిన్న గిట్టలు కూడా వేళ్లే. ఇవేమీ ముందే చెప్పకుండా, ఆ కాలిలో అరచెయ్యి ఎక్కడుందో, వేళ్లు ఎన్నున్నాయో పిల్లల్నే వెతకమనండి. సగానికి పైగా పిల్లలు మోకాలి దగ్గర వేలు పెట్టి ఆగిపోతారు. మనం మోకాలని పిలిచే ఆ ముందుకాలి కీలు మేక మణికట్టు.